తూటా పేరు చదవడం, తల్లి కేసును గుర్తుపట్టడం: తుపాకీ రిజిస్టరు రాసేవారి కోసం

ఎన్నికల ప్రకటన రాగానే లైసెన్సు తుపాకులు పోలీసు స్టేషన్లకు చేరడం మొదలవుతుంది. స్టేషన్‌లో రికార్డులు రాసే రైటర్ బల్ల పక్కన సింగిల్ బ్యారెళ్లు, డబుల్ బ్యారెళ్లు వరుసగా నిలబడతాయి. వాటి మధ్య అక్కడక్కడా ఒక రైఫిల్ కనిపిస్తుంది. పన్నెండు బోరు తుపాకీని రాయడానికి ఎవరూ ఆలోచించరు. పెన్ను ఆగేది రైఫిల్ దగ్గరే. ‘బోరు’ (బ్యారెల్ లోపలి వెడల్పు) అన్న గడిలో ఏం రాయాలి? లైసెన్సు పుస్తకంలో ఒక అంకె, బ్యారెల్ మీద ఇంకొకటి, తూటాల పెట్టె మీద మరొకటి ఉంటాయి. నెల్లూరులో, ఒంగోలులో ఆర్మరర్‌గా, అంటే పోలీసు ఆయుధాలు చూసుకునే ఉద్యోగిగా, పని చేసినన్నాళ్లూ నాకు వచ్చిన ఫోన్లలో ఎక్కువ భాగం ఈ ఒక్క గడి గురించే. ఉద్యోగ విరమణ తర్వాత కూడా అవి ఆగలేదు. అందుకే ఈ విషయాన్ని ఒకచోట వివరంగా రాసి పెడుతున్నాను.

ముందే ఒక మాట. తూటాను గుర్తుపట్టడం వరకే ఇక్కడ చెబుతున్నాను. తూటా నింపడం, మార్చడం ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు ఉన్నవారి పని. కొలతలు నేర్చుకోవాలంటే మందు లేని డ్రిల్ రౌండ్ల మీద నేర్చుకోండి.

తూటా అంటే మొత్తం వస్తువు. కేసు అనే ఇత్తడి గొట్టం, దాని అడుగున మందును అంటించే ప్రైమరు, లోపల తుపాకీమందు, మూతిలో గుండు: ఈ నాలుగూ కలిస్తే తూటా. కేసుకు కింద అడుగు, అడుగు చుట్టూ అంచు, పైకి పోయేకొద్దీ ఒళ్లు, ఒళ్లు సన్నబడే చోట భుజం, ఆ పైన గుండును పట్టుకునే మెడ ఉంటాయి. ఈ మాటలు గుర్తుంటే చాలు.

ఇక అసలు సంగతి. తూటా పేరులోని అంకెను కొలతగా తీసుకోవద్దు. మన వరి రైతుకు ఇది సులువుగా అర్థమవుతుంది. ఎన్‌ఎల్‌ఆర్ 34449 అన్న పేరు చూసి గింజ పొడవు ఎవరూ చెప్పలేరు. అది నెల్లూరు పరిశోధన కేంద్రంలో పుట్టిందని, నెల్లూరు మసూరి అంటే అదేనని తెలిసినవారికే ఆ అంకె పనికొస్తుంది. తూటా పేరు కూడా అంతే. ఎప్పుడు, ఎవరి దగ్గర, ఏ పాత కేసు (దాన్నే తల్లి కేసు అంటున్నాను) నుంచి పుట్టిందో తెలిస్తేనే ఆ పేరు విప్పుకుంటుంది.

మొదటి అంకె దేని కొలత?

రైఫిల్ బ్యారెల్ లోపల మెలిక తిరిగిన గాడులు ఉంటాయి. గాడికీ గాడికీ మధ్య గట్టు ఉంటుంది. ఒక గట్టు నుంచి ఎదుటి గట్టుకు కొలిస్తే ఒక వ్యాసం వస్తుంది. గాడి అడుగు నుంచి ఎదుటి గాడి అడుగుకు కొలిస్తే దానికన్నా కాస్త పెద్ద వ్యాసం వస్తుంది. గుండు దాదాపు ఈ పెద్ద కొలతకు సరిపోయేలా ఉంటుంది, అందుకే గట్లు దానిలోకి దిగి దాన్ని తిప్పుతాయి. పేరు పెట్టేవారు కొందరు గట్ల కొలత తీసుకున్నారు, కొందరు గుండు కొలత తీసుకున్నారు. చిక్కంతా అక్కడే మొదలైంది.

మన పోలీసులకు తరతరాలుగా తెలిసిన .303నే చూడండి. 1888లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న ఈ తూటాలో .303 అంటే గట్ల మధ్య దూరం. గుండు వ్యాసం 0.311 అంగుళం. అమెరికా వారి .30-06లో .30 కూడా గట్ల కొలతే, గుండు మాత్రం 0.308. అదే .308 వించెస్టర్‌కు వచ్చేసరికి పేరే గుండు కొలత. అంటే .30-06, .308 రెండూ ఒకే వ్యాసం గుండును పంపుతాయి, పేర్లు చూస్తే మాత్రం వేర్వేరనిపిస్తాయి. .270 వించెస్టర్ గుండు 0.277. .280 రెమింగ్టన్ గుండు 0.284.

చిన్న గుండ్ల దగ్గర ఇంకా గందరగోళం. .218 బీ, .219 జిప్పర్, .220 స్విఫ్ట్, .222 రెమింగ్టన్, .223 రెమింగ్టన్, .225 వించెస్టర్: వీటన్నిటిలో కూర్చునేది 0.224 అంగుళాల గుండే. కొత్త సరుకు పాత సరుకుతో కలిసిపోకుండా అమ్మేవారు అంకెను అటూ ఇటూ జరిపారు, అంతకు మించి అందులో ఏమీ లేదు. ఇలాంటి పేర్ల మీద కొలత ఆధారంగా ఏ నిర్ణయమూ తీసుకోకండి.

పన్నెండు బోరు లెక్క పూర్తిగా వేరు. ఒక పౌను సీసంతో ఒకే పరిమాణంలో పన్నెండు గుండ్లు పోస్తే ఒక్కో గుండు వ్యాసం ఎంతో, అదే ఆ బ్యారెల్ వ్యాసం. అది 0.729 అంగుళం, అంటే 18.5 మి.మీ. అంకె పెరిగేకొద్దీ బ్యారెల్ సన్నబడటానికి కారణం ఇదే. .410 మాత్రం నేరుగా అంగుళాల కొలత, దాన్ని ఈ వరుసలో కలపకూడదు.

అడ్డగీత తర్వాతి అంకె

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుదాం. .45-70 అన్న పేరు 1873 నాటిది. .45 బోరు, 70 గ్రెయిన్ల పాత రకం నల్ల తుపాకీమందు. గ్రెయిన్ అంటే పౌనులో ఏడు వేలవ వంతు. పాత పెట్టెల మీద .45-70-405 అని మూడో అంకె కూడా కనిపిస్తుంది, అది గుండు బరువు, అదీ గ్రెయిన్లలోనే. 1895లో వించెస్టర్ కంపెనీ పొగలేని మందుతో ఒక తూటా తెచ్చి తన పేరు మీదే .30 వించెస్టర్ సెంటర్ ఫైర్ అంది. మిగతా కంపెనీలు దాన్ని పాత పద్ధతిలో .30-30 అన్నాయి, అంటే 30 గ్రెయిన్ల మందు. ఆ పేరే నిలిచింది.

ఈ అలవాటుతో .30-06ను చూసిన మనిషి ఆరు గ్రెయిన్ల మందు అనుకుంటే తప్పు ఆ మనిషిది కాదు. కానీ ఇక్కడ 06 అంటే 1906, అమెరికా సైన్యం ఆ తూటాను తీసుకున్న సంవత్సరం. దానికి ముందున్నది 1903 నాటి .30-03.

ఆ తర్వాత గీతకు మూడో అర్థం వచ్చింది. .25-06 అంటే పావు అంగుళం బోరు, .30-06 కేసు. 1906తో ఆ తూటాకు నేరుగా సంబంధం లేదు, రెమింగ్టన్ దాన్ని సరుకుగా తెచ్చింది 1969లో. 7 ఎంఎం-08 అంటే 7 మి.మీ. గుండు, .308 కేసు. .22-250 అంటే .22 గుండు, .250 శావేజ్ కేసు. ఆ .250 శావేజ్ 1915లో వచ్చినప్పుడు దాని పూర్తి పేరు .250-3000, అక్కడ 3000 అంటే గుండు వేగం, సెకనుకు అడుగుల్లో. ఒకే గీత. దాని తర్వాత మందు బరువు రావచ్చు, సంవత్సరం రావచ్చు, తల్లి కేసు రావచ్చు, వేగం రావచ్చు. దీనికి సూత్రం లేదు, తూటా పుట్టుక తెలిసి ఉండాలి.

బ్రిటిష్ వారు వాలుగీత వాడారు, దాని పద్ధతి మాత్రం నిలకడైనది. తల్లి కేసు ముందు, బిడ్డ బోరు తర్వాత. 1871 నాటి మార్టిని-హెన్రీ రైఫిల్ తూటా .577/450 అంటే .577 స్నైడర్ కేసు మెడను .450కి నొక్కినది. .450/400 కూడా అంతే. అమెరికా వారి .22-250లో వరుస తలకిందులు: బిడ్డ ముందు, తల్లి వెనుక. ఈ ఒక్క తేడా గుర్తుంటే సగం పేర్లు విడిపోతాయి.

ఈ వరుసలోనే మన దేశం కారణంగా పుట్టిన తూటా ఒకటి ఉంది. .450 మార్టిని-హెన్రీలు తిరుగుబాటుదారుల చేతుల్లోకి వెళ్లాయన్న భయంతో బ్రిటిష్ ప్రభుత్వం 1907 ప్రాంతంలో .450 బోరు రైఫిళ్లను, తూటాలను భారత్‌లోకి, సూడాన్‌లోకి రాకుండా నిషేధించింది. ఏనుగుల వేటకు .450 రైఫిళ్లు అమ్ముకుంటున్న లండన్ కంపెనీలకు ఉన్నపళంగా కొత్త బోరు కావలసి వచ్చింది. హాలండ్ అండ్ హాలండ్ వారి .500/465 అలా వచ్చింది: .500 కేసును .465కి నొక్కడం. పాత జమీందారీ ఇళ్లలో .470 లాంటి వింత అంకె కనబడితే దాని వెనుక ఉన్నది ఈ నిషేధమే.

ఐరోపా పద్ధతి అన్నిటికన్నా శుభ్రమైనదని నా అభిప్రాయం. 7×57 అంటే 7 మి.మీ. బోరు, 57 మి.మీ. పొడవు కేసు. చివర ‘ఆర్’ ఉంటే అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉందని. 7.62×54 ఆర్‌లో ఆ అక్షరం రష్యాను సూచిస్తుందని చాలామంది అనుకుంటారు, అది అంచుకు గుర్తు. మి.మీ. అంకెను 25.4తో భాగిస్తే అంగుళాలు వస్తాయి. 7.62 అంటే 0.300. 8 అంటే 0.315. 7 అంటే 0.2756. ఈ మూడు లెక్కలూ కింద పనికొస్తాయి.

తల్లి కేసును చేత్తో పట్టుకోవడం

కొత్త తూటా చేసేవారు దాదాపు ఎప్పుడూ మొదటి నుంచి మొదలుపెట్టరు. ఉన్న కేసునే తీసుకుని మెడ నొక్కుతారు, లేదా మెడ వెడల్పు చేస్తారు, లేదా పొట్టి చేస్తారు, లేదా భుజాన్ని జరుపుతారు. అడుగును మాత్రం సాధారణంగా ముట్టుకోరు. ఎందుకంటే తూటాను వెనుక నుంచి మూసే రైఫిల్ బోల్టు పట్టుకునేది ఆ అడుగునే. అడుగు అదే అయితే బోల్టు అదే, చాలాసార్లు తూటాలు నింపే మ్యాగజైనూ అదే, బ్యారెల్ మారిస్తే సరిపోతుంది. కాబట్టి తల్లిని వెతకాలంటే ముందు కొలవవలసింది గుండును కాదు, అడుగును.

వెర్నియర్ కాలిపర్ తీసుకోండి. .30-06, .308, .270 డ్రిల్ రౌండ్లు మూడు బల్ల మీద నిలబెట్టండి. అడుగుల వ్యాసం కొలవండి: మూడూ 0.473 అంగుళం, అంటే 12 మి.మీ. జర్మనీ వారి 1888 నాటి 8 మి.మీ. తూటా అడుగూ దాదాపు ఇంతే, ఈ కొలత అక్కడి నుంచే నడిచివచ్చింది. ఇప్పుడు పొడవు కొలవండి. .30-06 కేసు 63.3 మి.మీ., .308 కేసు 51.2 మి.మీ. అడుగు అదే, పొడవు 12 మి.మీ. తక్కువ. మందు మెరుగుపడటంతో చిన్న కేసులోనే దాదాపు పాత శక్తి దొరికింది, ఆ ప్రయోగాలు .300 శావేజ్ కేసుతో మొదలై 1952లో .308 వించెస్టర్‌గా బయటికొచ్చాయి. సైన్యానికి అదే 7.62×51.

ఇక .270. ఇది .30-06 బిడ్డ అని అందరూ చెబుతారు. కాలిపర్ పెట్టి చూడండి: 64.5 మి.మీ. తల్లికన్నా బిడ్డ ఒక మిల్లీమీటరుకు పైగా పొడవు! నొక్కిన మెడ ఇంత సాగదు. ఆ 64.5 మి.మీ. పొడవు .30-03 కేసుది. 1925లో వించెస్టర్ .270ను చేసినప్పుడు తీసుకున్న కొలత ఆ పాత కేసుదే. ఇది చిన్న విషయమే కావచ్చు. అయినా కొలిచేవారికి మాత్రమే దొరికే నిజం కాబట్టి నాకు చాలా ఇష్టం.

.280 రెమింగ్టన్ (1957) కూడా ఈ కుటుంబమే, పొడవూ అంతే. కానీ దాని భుజాన్ని కావాలనే కొంచెం ముందుకు జరిపారు. గుండు పెద్దదైన .280 తూటా పొరపాటున .270 రైఫిల్‌లోకి దూరకూడదని. భుజం చోటు మార్చి ప్రాణాలు కాపాడటం అంటే ఇదే. .308కి పిల్లలు ఎక్కువ: .243, .358 (రెండూ 1955), 7 ఎంఎం-08 (1980), .260 రెమింగ్టన్ (1997). మెడలు వేరు, ఒళ్లు ఒకటే.

అడుగు దగ్గర నడుముకు కట్టినట్టు ఉబ్బెత్తు పట్టీ కనబడితే అది .375 హాలండ్ అండ్ హాలండ్ మాగ్నం (1912) సంతానం అనుకోవచ్చు. పట్టీ దగ్గర 13.5 మి.మీ. ఉంటుంది. .458 వించెస్టర్ మాగ్నం, 7 ఎంఎం రెమింగ్టన్ మాగ్నం, .300 వించెస్టర్ మాగ్నం అన్నీ ఆ ఇంటివే. అడుగు 9.6 మి.మీ. ఉంటే .222, .223 కుటుంబం, మన ఇన్సాస్ రైఫిల్ వాడే 5.56×45 కూడా అందులోదే.

తయారీదారుకు సౌకర్యమైన ఈ బంధుత్వమే అజాగ్రత్తగా ఉండేవారికి అపాయం. .308 తూటా .30-06 ఛాంబరులోకి, అంటే బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటులోకి, వెళుతుంది: అడుగు సరిపోతుంది, గుండు సరిపోతుంది. కానీ ముందు 12 మి.మీ. ఖాళీ మిగులుతుంది. పేలిస్తే కేసు చీలి, వేడి వాయువు వెనక్కి తన్నవచ్చు. ఇంకా ఘోరమైనది .300 బ్లాకౌట్. .223 కుటుంబపు కేసును పొట్టి చేసి 0.308 గుండు పెట్టిన తూటా అది. మ్యాగజైన్ ఒకటే, బోల్టు ఒకటే. .223 రైఫిల్‌లో అది దూరిందంటే 0.308 గుండు 0.224 బ్యారెల్‌లోకి పోవాలి. తుపాకీ బద్దలవుతుంది. తల్లి కేసు తెలుసుకోవడం పుస్తక పాండిత్యం కోసం కాదు. ఏ తూటా ఏ తుపాకీలోకి పొరపాటున దూరగలదో అది చెబుతుంది.

రెండు పేర్లు, ఒకే తూటా

ఒక ఎన్నికల సమయంలో ఉదయగిరి వైపు నుంచి ఒక పెద్దాయన తాతగారి నాటి రైఫిల్ తెచ్చారు. లైసెన్సులో ‘275’ అని ఉంది. తూటాల పెట్టె మీద 7×57. రైటర్‌గా ఉన్న అమ్మాయి నిక్కచ్చి మనిషి, పెట్టెను పక్కన పెట్టి నాకు కబురు చేసింది.

“సార్, ఇవి వేరే బోరు తూటాలు. లైసెన్సుకు సరిపోవు కదా?”

“అమ్మా, మా ఇంట్లో ఎప్పటినుంచో ఇవే తెస్తున్నాం,” అన్నారు పెద్దాయన. ఆయన చేతులు బల్ల అంచును గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

బ్యారెల్ మొదట్లో పేరుకున్న పాత నూనెను గుడ్డతో తుడిస్తే అక్షరాలు బయటపడ్డాయి: .275 రిగ్బీ. ఆ అమ్మాయి చేతనే లెక్క వేయించాను. 7ను 25.4తో భాగిస్తే 0.2756. జర్మన్ మౌజర్ తూటాను లండన్ రిగ్బీ కంపెనీ అంగుళాల్లో పిలిచిన పేరే .275. చంపావత్ నరభక్షక ఆడపులిని చంపినందుకు వేటగాడు జిమ్ కార్బెట్‌కు 1907లో బహుమతిగా ఇచ్చిన రైఫిల్ కూడా ఈ తూటాదే. గుండు కొలిస్తే 0.284 వస్తుంది, అది చూసి మళ్లీ కంగారు పడకూడదని కూడా చెప్పాను. ఆ అమ్మాయి పెట్టెను దగ్గరికి లాక్కుని రెండు పేర్లూ రిజిస్టరులో రాసింది. సందేహం వచ్చినప్పుడు ఊరికే సంతకం పెట్టకుండా అడిగినందుకు ఆ అమ్మాయి మీద నాకు గౌరవం పెరిగింది.

దీనికి తలకిందులుగా ఉండేది ‘30 బోరు’ అని మాత్రమే రాసిన పాత లైసెన్సు. .30-30, .30-06, .300 మాగ్నం అన్నీ ఆ మాటలో ఇమిడిపోతాయి. ఒకదానిలో మరొకటి పెట్టరాదు. అలాంటి పుస్తకం వస్తే బ్యారెల్ మీది పూర్తి పేరు చూసి రాయండి, లైసెన్సులో ఉన్న మాటను దాని పక్కన విడిగా రాయండి. దిద్దుబాటు మీరు చేయకండి, లైసెన్సు ఇచ్చిన అధికారి చేత చేయించుకోమని యజమానికి చెప్పండి.

తూటా అడుగున ముద్ర ఉంటుంది. ‘కెఎఫ్’ అంటే పుణె దగ్గరి ఖడ్కీ కర్మాగారం. పాత .303 అడుగున 7 అన్న అంకె కనబడితే 7 మి.మీ. అని రాయకండి, అది 1910లో వచ్చిన ఏడో మార్కు (ఏడో రకం) గుండుకు గుర్తు.

చివరిగా మన వైపు తరచుగా వచ్చే .315 స్పోర్టింగ్ రైఫిల్. చూడటానికి అచ్చం పాత .303లా ఉంటుంది, ఎందుకంటే ఇషాపూర్ కర్మాగారం దాన్ని చేసింది లీ-ఎన్‌ఫీల్డ్ పద్ధతిలోనే. సైన్యం వాడిన .303 పౌరులకు నిషిద్ధ బోరు, .315 కాదు. కాబట్టి ఈ రెండింటినీ కలిపేస్తే పూర్తిగా సక్రమంగా ఉన్న మనిషిని నేరస్థుడిగా చూపించినట్టవుతుంది. .315 అంటే 8 మి.మీ.ను అంగుళాల్లోకి మార్చిన అంకె. దాని అసలు ఇల్లు ఆస్ట్రియా-హంగరీ: 1890 నాటి 8×50 ఆర్ మన్‌లికర్ తూటా. కేసు పొడవు 50 మి.మీ. ఉంటే .315, 56 మి.మీ. ఉంటే .303. గుండు 0.323 రావాలి. బ్యారెల్ ముద్ర అరిగిపోయి ఉంటే తూటా పెట్టి సరిచూసే ప్రయత్నం చేయకండి. ‘ముద్ర చదవరాలేదు, ఆర్మరర్ పరీక్షకు పంపడమైనది’ అని రాసి జిల్లా కేంద్రానికి పంపండి. ముద్ర ఉంటే ఇలా రాయండి: ‘.315 (8×50 ఆర్) స్పోర్టింగ్ రైఫిల్’, తర్వాత తుపాకీ నంబరు, తర్వాత తూటాల సంఖ్య, వాటి అడుగున ఉన్న ముద్ర ఉన్నది ఉన్నట్టుగా.